పిడికెడు బియ్యం మీద పేరుండదు



విజయవాడలో మైలవరం బస్సెక్కి, ఇబ్రహీంపట్నం రింగు, కొండపల్లి దాటి జి.కొండూరు వచ్చేలోపు రోడ్డుకి అటూ ఇటూ ఎన్ని మొహాలు కనపడతాయో ఈసారి చూడండి. నడిచేవాళ్ల మొహాలు కాదు, వేలాడేవి. నాయకుడి పుట్టినరోజు, పక్కింటి అమ్మాయి ఓణీల ఫంక్షను, పెద్దాయన దశదినకర్మ, కొత్తగా తెరిచిన కోచింగ్ సెంటరు. వీటి సందులో ఎక్కడో ఒకచోట చేతిలో మైకు, సూటూ బూటూ, వెనకాల వెలుగు కిరణాలు, 'మహా స్వస్థత కూడికలు, తప్పక రండి'. నేనివాళ మాట్లాడేది ఈ ఆఖరు రకం గురించి. నేను గుడికి వెళ్లే క్రైస్తవుణ్ణే. ఇంటి సంగతి ఇంట్లోవాడే ఎత్తితే మర్యాదగా ఉంటుందని నా ఉద్దేశం.

ఈ ఫ్లెక్సీని ఒకసారి దగ్గరగా చూద్దాం. మధ్యలో ముఖ్య ప్రసంగీకులు, నిలువెత్తున. పక్కన ఆయన భార్య, అంటే అమ్మగారు. పైన బిరుదులు. దైవజనులు, అభిషిక్తులు, అంతర్జాతీయ ప్రసంగీకులు, రెవరెండ్, డాక్టర్, ఒక్కోసారి ఇవన్నీ ఒకే మనిషికి. కింద వరసగా గుండ్రాల్లో స్థానిక కాపరులు, కమిటీ పెద్దలు, సౌండు సిస్టం ఇచ్చినాయన, భోజనాలు పెట్టించినాయన. అన్నిటికంటే కింద, బురద చిందే చోట, ఒక బైబిలు వాక్యం. ఏసుప్రభువుకి చోటు మిగిలితే ఒక మూలన చిన్న సిలువ. ఫ్లెక్సీ కొట్టే కుర్రాడు చదరపు అడుగు లెక్కన డబ్బు తీసుకుంటాడు గనక ఎవరి మొహం ఎన్ని అంగుళాలన్నది అక్కడే తేలాలి. ఆ తేల్చడం సామాన్యమైన పని కాదు. మా బావమరిది ఫోటో చిన్నదైందని ఒకరు, నా పేరు ముందు 'బ్రదర్' పెట్టి ఆయన పేరు ముందు 'పాస్టర్' ఎందుకు పెట్టారని ఒకరు, అసలు నా ఫోటోనే లేదు, నేను రానని ఇంకొకరు. మూడు రోజుల కూడికలకి ముందు మూడు వారాల పంచాయతీ.

కూడికలైపోయాక ఆ ఫ్లెక్సీ ఎక్కడికి పోతుందో మెట్ట రైతుకి చెప్పక్కర్లేదు. జనవరి, ఫిబ్రవరిలో మిర్చి కల్లాల్లోకి వస్తుంది. మబ్బు పట్టిందంటే చాలు, అంతర్జాతీయ ప్రసంగీకులు బోర్లా పడుకుని ఎర్రటి కాయల్ని వానకి తడవకుండా కాపాడతారు. ఆ ఫ్లెక్సీ వల్ల నాకు నిఖార్సుగా కనపడిన పరిచర్య అదొక్కటే.

ఇది క్రైస్తవులకే పట్టిన జబ్బని ఎవరూ సంబరపడనవసరం లేదు. హిందువుల గుడిలోనూ ఫ్యాను రెక్కల మీద దాత పేరు, వాళ్ల నాన్నగారి పేరు, ఊరి పేరు రాయించి, అది తిరిగితే చదవలేమని ఫ్యాను ఆపించే దేశం మనది. ట్యూబులైటు మీద పేరు రాయిస్తే వెలుతురు సగం పోతుందని తెలిసీ రాయిస్తాం. అయినా మా ఇంటి గొడవ కొంచెం వేరు. ఎవరి పేరున ఈ కూడికలు జరుగుతున్నాయో ఆయన, కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి కూడా తెలియనివ్వొద్దన్నాడు. విందుల్లో ముందు వరసలో కూర్చోవద్దన్నాడు. చివరి రాత్రి నడుముకి తువ్వాలు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసుకుని శిష్యుల కాళ్లు కడిగాడు. ఆ రాత్రే, ఆ బల్ల దగ్గరే, మనలో ఎవరు గొప్ప అని ఆ శిష్యుల మధ్య తగువు వచ్చిందని లూకా రాశాడు. కాబట్టి గుండ్రాల్లో ఫోటోల తగువు కొత్తదేం కాదు, రెండువేల ఏళ్ల నాటిది. కాకపోతే అప్పుడు చదరపు అడుగు రేటు లేదు.

మన ప్రాంతానికి ఈ మతం ఎలా వచ్చిందో చూస్తే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. పెద్ద పెద్ద పేర్ల వల్ల రాలేదు. నందిగామ వైపు రాఘవాపురం అనే ఊరుంది. అక్కడి మాలపల్లెలో పాగోలు వెంకయ్య అనే మనిషి, బెజవాడలో ఉండే చర్చి మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) మిషనరీ డార్లింగ్ దొర బోధ విని, 1859లో తన ఇంటివాళ్లతో, తన పల్లెవాళ్లతో కలిసి బాప్తిస్మం పొందాడు. అప్పటికి సి.ఎం.ఎస్. వాళ్లు బందరులో పని మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. 1841లో వచ్చిన రాబర్ట్ నోబుల్ పెద్ద కులాల పిల్లలకి ఇంగ్లీషు బడి పెట్టి, 1865లో అక్కడే చనిపోయేదాకా ఒక్కసారి కూడా సొంత దేశం వెళ్లకుండా పాఠాలు చెప్పాడు. బందరులో ఆ బడి నోబుల్ కాలేజీ అయింది, పేరు నిలిచింది. మెట్టలో మాత్రం కబురు వియ్యంకుల ద్వారా, మేనమామల ద్వారా, కూలికెళ్లిన చోట కబుర్ల ద్వారా పల్లె నించి పల్లెకి పాకింది. దాన్ని మోసినవాళ్లు ఉపదేశులు. పగలు పిల్లలకి బడి, రాత్రి పెద్దలకి దీపం కింద అక్షరాలు, ఆదివారం ఆరాధన, నడుమ ఎవరికో జ్వరం వస్తే మందు, ఎవరికో మునసబు నుంచి తాకీదు వస్తే చదివి చెప్పడం. అన్నిటికీ ఆయనే. ఊరివాళ్లు 'పంతులుగారు' అన్నారు. ఆ పంతుళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. వాళ్ల దగ్గర ఓనమాలు దిద్దినవాళ్ల మనవలూ మునిమనవలూ టీచర్లయ్యారు, నర్సులయ్యారు, తహసీల్దార్లయ్యారు. గుంటూరు, బెజవాడ ఆస్పత్రుల్లో ఒక తరం నర్సమ్మల్ని అడిగితే సగం మంది ఏదో ఒక మిషను బడి పేరు చెబుతారు, ఉపదేశి పేరు మాత్రం 'మా తాతకి చెప్పిన పంతులుగారు' దగ్గర ఆగిపోతుంది.

తరవాతి రోజుల్లో ఈ సి.ఎం.ఎస్. ప్రాంతమంతా దోర్నకల్ అధ్యక్ష మండలంలో కలిసింది. దాని బిషపు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళైలో 1874లో పుట్టిన తమిళుడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివాడు గానీ బి.ఏ. పట్టా చేతికి రాలేదు. వై.ఎం.సి.ఎ.లో పనిచేసి, ఈ దేశం డబ్బుతో, ఈ దేశం మనుషులతో తిరునల్వేలిలో 1903లో ఒక మిషనరీ సంఘం పెట్టించాడు. ఆ సంఘం పని కోసమే నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కి వచ్చాడు, తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన్ని బిషపుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషపు అయిన మొదటి భారతీయుడు ఆయనే. అంతటి పదవి వచ్చింది గదా, మద్రాసులోనో కలకత్తాలోనో కూర్చోవచ్చు. ఆయన రైలు జంక్షను తప్ప చెప్పుకోదగ్గదేమీ లేని దోర్నకల్‌లో కూర్చున్నాడు. ఎద్దుబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగాడు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మన ఫ్లెక్సీల మీది డాక్టరేట్లలో ఎన్ని ఏ ఊరి విశ్వవిద్యాలయం ఇచ్చిందో కనుక్కోవాలంటే మళ్లీ ఒక పరిశోధన, దానికింకో డాక్టరేటు కావాలి.

అజరయ్యని చూసి తగ్గి ఉండటమంటే నోరు మూసుకుని ఉండటమని ఎవరన్నా అనుకుంటే పొరపాటు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. తెల్ల దొరలు నిండిన హాలు. ఈయన వయసు ముప్ఫయ్యారు నిండలేదు. లేచి నిలబడి, మీరు మాకోసం త్యాగాలు చేశారు, డబ్బు ఇచ్చారు, ప్రాణాలు ఇచ్చారు, ఒప్పుకుంటాం, కానీ మమ్మల్ని స్నేహితులుగా చూడటం లేదు, మాకు ఇప్పుడు కావలసింది అదే అని ఆ సారాంశం వచ్చేలా మొహం మీద చెప్పాడు. కొంతమందికి కోపం వచ్చింది. ఆ మనిషే దోర్నకల్ పల్లెల్లో చాప మీద కూర్చుని చదువురాని ముసలమ్మల్ని ప్రశ్నలడిగి జవాబులు వింటూ ఉండేవాడు. పైవాళ్ల దగ్గర వంగని నడుం కిందివాళ్ల దగ్గర వంగింది. మనం సాధారణంగా దీన్ని తిరగేసి చేస్తాం.

ఆయన చందాల విషయంలో మహా పట్టుదల మనిషి. సంఘం విదేశీ డబ్బు మీద బతకకూడదు, ఎంత బీదవాడైనా ఏదో ఒకటి ఇవ్వాలి అనేవాడు. ఇవ్వడం గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశాడు. మన పల్లె సంఘాల్లో ఆ ఇవ్వడం ఎక్కువగా నడిచింది పిడికెడు బియ్యం మీద. తెలియనివాళ్ల కోసం చెబుతాను. పొయ్యి మీద ఎసరు పెట్టాక, చేటలో బియ్యం కొలుచుకున్నాక, కడగబోయేముందు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న ముంతలోనో, డాల్డా డబ్బాలోనో వేస్తుంది. పూటకో పిడికెడు. ఇంట్లో నలుగురుంటే ఆ నలుగురూ తలా రెండు ముద్దలు తక్కువ తింటారు, అంతే. ఆదివారం నాడు ఆ డబ్బా బియ్యం కొంగుకి మూటకట్టుకుని తెచ్చి గుడిలో గంపలో పోస్తుంది. గంపలో రేషను బియ్యం, సొంత చేలో పండిన సన్నాలు, కూలికి కొలిచిన ముతక బియ్యం, వెనకటి రోజుల్లో అయితే జొన్నలు, అన్నీ కలిసిపోతాయి. ఒకసారి పోశాక ఎవరివి ఎన్నో పోసినామెకి కూడా తెలియదు. రసీదు లేదు. ప్రకటన లేదు. పంతులుగారి కుటుంబం ఆ వారం ఆ బియ్యం తిన్నది. మన జిల్లాల్లో ఎన్నో గుళ్లకి గోడలు లేచింది కూడా ఈ గంపల్లోంచే. గుడి ఆడవాళ్ల సంఘం స్త్రీల మైత్రి లెక్కల పుస్తకాల్లో మొత్తం ఉంటుంది, మనుషులు ఉండరు.

అంతా అంత నిర్మలంగా ఉండేదని మాత్రం నేననను. అదే సంఘాల్లో కోతపండుగ నాడు వేలం పాట ఉంటుంది గదా. ఒక గుమ్మడికాయ, ఒక నాటుకోడి, కొబ్బరికాయల గెల పాటకి పెడతారు. అక్కడ చూడండి సరదా. సంతలో నూట యాభైకొచ్చే గుమ్మడికాయ రెండు వేలకి పోతుంది. బావా బామ్మర్దీ పంతానికి పడితే ఇంకా పోతుంది. పాడినాయన పేరు మైకులో మూడుసార్లు. అది కూడా గొప్పే, నిజమే. కానీ అందరూ నవ్వుతారు, పాడినాయన కూడా నవ్వుతాడు, కోడి మళ్లీ గుడికే ఇచ్చి రెండోసారి పాట పెట్టిస్తాడు. సరదాకి చేసుకునే గొప్పకీ, మొహం మాడ్చుకుని చేసుకునే గొప్పకీ తేడా ఉంది.

ఇక్కడ నాకు ఒక అడ్డు తగులుతుంది, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. మన మెట్టలో గుడికొచ్చే వాళ్లలో ఎక్కువమంది ఎవరు? మూడు తరాల కిందట ఊళ్లోకొస్తే చెప్పులు చేతపట్టుకోవలసినవాళ్లు, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని 'చిత్తం బాబయ్యా' అనవలసినవాళ్లు. అణిగి ఉండటం వాళ్లకి ఏసు నేర్పక్కర్లేదు, ఊరు కొట్టి మరీ నేర్పింది. ఆ ఇంటి కుర్రాడు ఇవాళ మెయిన్ రోడ్డు మీద, సెంటర్లో, ఎవరి మేడకి ఎదురుగానో తన ఫోటో పది అడుగుల ఎత్తున కట్టుకున్నాడంటే, దాన్ని వట్టి డాంబికమని కొట్టిపారెయ్యడానికి నాకు నోరు రాదు. మా తాత నిలబడటానికి జాగా లేని చోట నా మొహం ఉంది అని వాడు అంటున్నాడు. వాడికి వెళ్లి నాయనా, తగ్గించుకో అని నేను చెబితే, పాత బాబయ్య మాటనే నేను బైబిలు అట్ట వేసి చెప్పినట్టు.

మహాకవి జాషువా సంగతి గుర్తు చేసుకోండి. 1895లో వినుకొండలో పుట్టిన క్రైస్తవుడు. 'గబ్బిలం' రాసినవాడు. 'క్రీస్తు చరిత్ర'కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నవాడు. సభల్లో అంటరానివాడన్న అవమానాలు పడ్డాడు. ఆయన ఎక్కడా తగ్గలేదు, కవిగా తన స్థానం తాను గట్టిగా చెప్పుకున్నాడు, సన్మానాలు తీసుకున్నాడు. తీసుకోవలసిందే. ఆయన కాలికి గండపెండేరం తొడిగింది ఎవరు? చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరు, అవధానాల్లో సింహం, రాచ సన్మానాలు పొందిన బ్రాహ్మణ పండితుడు. గండపెండేరం మెడలో వేసేది కాదు. తొడగాలంటే కిందికి వంగాలి, పాదం చేత్తో పట్టుకోవాలి. శాస్త్రిగారు క్రైస్తవుడేమీ కాదు. కానీ ఏసు తువ్వాలు కట్టుకుని పళ్లెం పట్టుకున్న ఆ రాత్రి సంగతి చదివినప్పుడల్లా నాకు ఆ సభ గుర్తొస్తుంది. ఆ వేదిక మీద వంగవలసినవాడు ఎవరో శాస్త్రిగారు సరిగ్గా పోల్చుకున్నారు. ఎత్తున ఉన్నవాడు దిగాలి. కింద ఉన్నవాణ్ణి ఇంకా దిగమనడం ఏసు చెప్పిన మాట కాదు.

అందుకని నా ఫిర్యాదు ఆ కింది వరస గుండ్రాల మీద కాదు. మధ్యలో నిలువెత్తున నిలబడ్డాయన మీద. ఆయనకి యూట్యూబులో లక్షలమంది ఉన్నారు, కారుంది, వెనకాల ఇంకో కారుంది. ఆయన వేదిక ఎక్కేముందు పరిచయం ఇరవై నిమిషాలు, పూలదండ, శాలువా, జ్ఞాపిక. లేచాక మొదటి వాక్యం, 'నేను అల్పుణ్ణి, దీనుణ్ణి, నన్ను చూడకండి, ప్రభువును చూడండి'. రెండు పక్కలా ఎల్‌ఈడీ తెరల మీద ఆయనే ఉంటే ఎవర్ని చూడాలండీ? నాకైతే అంతకంటే గుమ్మడికాయ పాటే నిజాయితీ అనిపిస్తుంది.

జనం పోగవ్వాలంటే ఇదంతా తప్పదంటారు. భక్తసింగ్‌గారి మాటేమిటి మరి? పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, లండన్‌లో, కెనడాలో ఇంజనీరింగు చదివి, 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకుని, మరుసటి ఏడు ఈ దేశం తిరిగొచ్చాడు. తరవాత హైదరాబాదులో హెబ్రోను ఆయన ఇల్లయింది. అక్కడి మహాసభల్లో వేలమంది నేల మీద బంతుల్లో కూర్చుని అన్నం, సాంబారు తినేవాళ్లు. డాక్టరూ, రిక్షా తొక్కే ఆయనా ఒకే చాప మీద. మాకు డబ్బు పంపండి అని అడగడం ఆయన పద్ధతి కాదు, అవసరమైతే మోకరించేవాడు. 2000 సెప్టెంబరులో ఆయన చనిపోతే వచ్చిన జనానికి హైదరాబాదు రోడ్లు చాల్లేదు. వాళ్లని పిలవడానికి ఎవరూ కటౌట్లు కట్టలేదు.

పేరు లేకుండా ఇవ్వడం గురించి అనుకుంటున్నాం గనక బుడమేరు వరద కూడా చెప్పాలి, మన ప్రాంతం గుండా వచ్చిందే. 2024 ఆగస్టు ఆఖర్న వెలగలేరు దిగువన డైవర్షన్ కాలవకి గండ్లు పడ్డాయి. విజయవాడలో సింగ్ నగర్ మునిగింది. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా దిగింది. ఆ వారం గుళ్లు, చర్చీలు, మసీదులు, గురుద్వారాలు, వట్టి కుర్రాళ్లు, ఎవరికి చేతనైంది వాళ్లు వండి పంపారు. అందులో రెండు రకాల పొట్లాలు వచ్చాయి. ఒకటి పులిహోర పొట్లం, దాని మీద ఏమీ లేదు. ఇంకొకటి కూడా పులిహోర పొట్లమే, దాని మీద స్టిక్కరు ఉంది. మొదటి పొట్లం చేతికందగానే పడవ ముందుకెళ్లిపోయింది. రెండో పొట్లం మాత్రం ఒక చివర ఇచ్చినాయన పట్టుకుని, ఒక చివర మేడ మీది మనిషి పట్టుకుని, ఫోన్లో సరిగ్గా పడేదాకా ఇద్దరి మధ్యా ఆగింది. తడిసి, రెండు రోజులుగా నిద్రలేక, చీర కొంగు సరిచేసుకుని ఫోటోకి నిలబడ్డ ఆ తల్లి మొహం మనలో చాలామంది ఫోన్లలో తిరిగింది. వండినవాళ్ల మొహాలు తిరగలేదు.

ఇలా మాట్లాడితే మా పల్లె కాపరులు ఒక ప్రశ్న వేస్తారు, అది గట్టి ప్రశ్న. 'అయ్యా, నాకున్నది నలభై కుటుంబాలు. పత్తి పోతే వాళ్లు గుడికిచ్చే దశమభాగం పోతుంది. మిర్చి రేటు పడితే ఇంకా పోతుంది. పక్కూళ్లో పెద్దాయన కూడికలు పెట్టి కార్లు పంపి నా మనుషుల్ని తీసుకుపోతున్నాడు. ఉన్న పిల్లలు ఫోన్లో ఆయన్నే చూస్తున్నారు. నేను ఫ్లెక్సీ కట్టకపోతే నేనున్నట్టే ఎవరికీ తెలియదు. నా పిల్లల ఫీజు ఎవరు కడతారు?' ఇందులో డాంబికం లేదు, ఆకలి ఉంది. ఈయన్ని వినయం లేదని తిట్టే హక్కు, ఆయనకి నెలకి ఎంత ముడుతోందో ఎన్నడూ అడగని సంఘ పెద్దలకి లేదు.

కాబట్టి నా సలహా కాపరికి కాదు, కమిటీకి. అక్టోబరు దాటితే క్రిస్మస్‌కి ముందు జరిపే సెమీ క్రిస్మస్ మీటింగులు మొదలవుతాయి, ఫ్లెక్సీ కొట్లో లైను ఉంటుంది. ఈ ఏడు ఎజెండాలో మొదటి అంశంగా కాపరిగారి జీతం, ఆయన పిల్లల చదువు పెట్టండి. ఎంత వీలవుతుందో పుస్తకంలో రాసి, ఆయన చేతికి అది అందాక రెండో అంశానికి రండి. అప్పుడు ఫ్లెక్సీకి డబ్బు మిగిలితే వేయించండి, వద్దనను. తేదీ, టైము, గుడి ఎక్కడుందో, భోజనాలు ఉన్నాయో లేదో రాయించండి. జనానికి కావలసినవి ఆ నాలుగే. ఫోటోలు వద్దంటే ఫ్లెక్సీ కొట్టే కుర్రాడు ఆశ్చర్యపోతాడు, డిజైను చార్జీ కూడా తగ్గిస్తాడేమో అడిగి చూడండి.